‘పని లేదు’ అంటున్న తండ్రి నుంచి పిల్లల ఖర్చు ఎలా అడగాలి

హనుమకొండ అదాలత్ దగ్గర ఒక జిరాక్స్, డీటీపీ షాపులో పదకొండేళ్లుగా టైపింగ్ చేస్తున్నాను. వకీళ్లు చేత్తో రాసిచ్చే పిటిషన్లు, కౌంటర్లు, అఫిడవిట్లు టైపు చేయడం నా పని. వాటిలో మెయింటెనెన్స్, అంటే పోషణ ఖర్చు అడిగే కేసులే ఎక్కువ. భర్త తరఫున జవాబుగా వేసే కౌంటర్లో ఒక వాక్యం దాదాపు ప్రతిసారీ వస్తుంది. ప్రతివాదికి ఉద్యోగం లేదు, ఆదాయం లేదు, తల్లిదండ్రుల మీద ఆధారపడి బతుకుతున్నాడు అని. 2022 చివర్లో అదే వాక్యం నా మీద వేసిన కౌంటర్లో చదివాను. అంతకుముందు ఎన్నిసార్లు టైపు చేసినా ఏమీ అనిపించని వాక్యం అది. ఆ రోజు మాత్రం చేతులు ఆడలేదు.

మా పాప నాన్న పరకాల వైపు ఒక జిన్నింగ్ మిల్లులో పని చేసేవాడు. మేం విడిపోయే నాటికి ఆ పని పోయింది. పాపకు అప్పుడు ఆరేళ్లు. ‘పనే లేనోని దగ్గర ఏం వసూలు చేస్తవ్? ఊకో బిడ్డా’ అని మా మేనమామ అన్నాడు. షాపుకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇదే మాట విని, ఏళ్ల తరబడి ఊరుకుని, పిల్లలు పెద్దయ్యాక వస్తారు. పోయిన నెలల డబ్బు వెనక్కి రాదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను వకీలును కాను. నా కేసు, నా చేతుల మీదుగా వెళ్లిన కాగితాలు, ఇవే నాకు తెలిసినవి.

చట్టం ఏమంటుంది

నేను కేసు వేసినప్పుడు అందరూ ‘125 కేసు’ అనేవారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ సెక్షన్ నంబరు అది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది, అందులో ఇది 144వ సెక్షన్. ఇప్పటికీ వకీళ్ల నోట 125 అనే మాటే వస్తుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే హక్కు గురించి. నా కేసు ముందే వేసింది కాబట్టి పాత నంబరుతోనే సాగింది.

స్తోమత ఉండి కూడా భార్యను, పిల్లలను పోషించకుండా వదిలేసినవాళ్లు నెలనెలా డబ్బు ఇవ్వాలని ఈ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ ‘స్తోమత’ అనే మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. జేబులో డబ్బు ఉంటేనే స్తోమత అనుకుంటారు. కోర్టులు అలా చూడవు. ఆరోగ్యంగా ఉండి, పని చేసుకునే శక్తి ఉన్న మనిషికి సంపాదించే స్తోమత ఉన్నట్టే లెక్క. ఉద్యోగం లేదు, వ్యాపారం నడవట్లేదు అనేవి ఒట్టి సాకులని సుప్రీంకోర్టు 2015లో షమీమా ఫరూఖీ కేసులో చెప్పింది. 2022లో అంజూ గార్గ్ కేసులో ఇంకా తేటగా చెప్పింది: ఒంట్లో శక్తి ఉన్న భర్త కూలి పని చేసైనా సరే భార్యాపిల్లలను పోషించాలి. మీ వకీలుకు ఈ పేర్లు తెలిసే ఉంటాయి. అయినా మీకూ తెలిసి ఉంటే, ‘పని లేదంటున్నాడమ్మా, కష్టం’ అని ఎవరైనా అన్నప్పుడు తిరిగి అడిగే ధైర్యం వస్తుంది.

ఇంకో సంగతి. పిల్లల హక్కు వేరు, మీ హక్కు వేరు. మీకు ఉద్యోగం ఉన్నా, విడాకులు అయిపోయినా, పెద్దమనుషుల్లో కూర్చుని ‘నాకేమీ వద్దు’ అని సంతకం పెట్టినా, పిల్లల వంతు పోదు. పెళ్లి కాకుండా కలిసి ఉండి పుట్టిన బిడ్డకూ ఈ సెక్షన్ కింద హక్కు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అడగవచ్చు. పెళ్లి కాని ఆడపిల్లకు హిందూ దత్తత, పోషణ చట్టం, 1956 కింద ఆ తర్వాత కూడా దారి ఉంది, కానీ అది వేరే కేసు.

ఎక్కడికి వెళ్లాలి

మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. అతను ఉండే ఊరికి మీరు తిరగాల్సిన పని లేదు. ఫ్యామిలీ కోర్టు పరిధిలోకి వచ్చేవాళ్లు అక్కడ, మిగతావాళ్లు తమ ప్రాంతపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో వేస్తారు. మా దగ్గర 2021లో జిల్లాల పేర్లు మారి వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. మీ మండలం ఏ కోర్టు కిందికి వస్తుందో ముందు అడిగి తెలుసుకోండి, లేకపోతే పిటిషన్ వాపస్ వచ్చి ఒక నెల పోతుంది.

వకీలు ఫీజు గురించి భయం వద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్ల కాగితం మీద అర్జీ, ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్తే చాలు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా చెబుతారు. నేను మొదట ఇది వాడుకోలేదు. తెలిసినవాళ్లు చెప్పిన ఒక వకీలుకు పదిహేను వేలు ఇచ్చి నాలుగు నెలలు తిరిగాను. పిటిషన్ నంబరే పడలేదు. కోర్టు పక్కనే పని చేస్తూ నేనే అలా మోసపోయానంటే ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల సంగతి ఏమిటి? మీ కేసుకు నంబరు పడిందా లేదా అన్నది ఎవరి మాట మీదా నమ్మకండి. ప్రతి కేసుకు కోర్టు ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా తేదీతో సహా ఫోన్లోనే కనిపిస్తుంది. నంబరు చెప్పలేదంటే కేసు వేశారో లేదో అనుమానించాల్సిందే.

ఇంట్లో కొట్టడం, వేధించడం ఉంటే గృహహింస చట్టం కింద కూడా పిల్లల ఖర్చు అడగవచ్చు. ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లవచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. రెండు చోట్లా వేస్తే ఒక దానిలో వచ్చిన ఆర్డరును రెండో దానిలో చెప్పి తీరాలి, దాస్తే మీకే దెబ్బ.

ఖర్చుల లెక్క

వకీలు దగ్గరికి వెళ్లక ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఇదే, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. చాలామంది పిటిషన్లో ‘నెలకు ఇరవై వేలు కావాలి’ అని రాయిస్తారు. ఎందుకు ఇరవై అంటే చెప్పలేరు. నేను పాప పాత లెక్కల నోట్‌బుక్కులో మిగిలిన పేజీల్లో మూడు నెలలు రాశాను. పాప తిన్న పండు దగ్గర నుంచి రాశాను. నెల సగటు ఇలా తేలింది:

స్కూలు ఫీజు ఏడాదికి 24,000, నెలకు 2,000. స్కూలు ఆటో 800. పాలు 900. బియ్యం, కూరగాయలు, పండ్లు, గుడ్లలో పాప వంతు 1,800. నోట్‌బుక్కులు, యూనిఫాం 500. దవాఖాన, మందులు 400. బతుకమ్మకు, పుట్టినరోజుకు కొనే బట్టలు నెలకు పంచితే 300. ఇంటి కిరాయి 4,500, ఇంట్లో మేం ముగ్గురం, పాప వంతు 1,500. మొత్తం 8,200.

ఇందులో అతని నుంచి 5,500 అడిగాను. నేనూ సంపాదిస్తున్నాను కదా, తల్లిదండ్రులు ఇద్దరూ సంపాదిస్తుంటే పిల్లల ఖర్చు ఇద్దరి ఆదాయాన్ని బట్టి పంచాలన్నదే సుప్రీంకోర్టు మాట. నా జీతం దాచలేదు. లెక్క ఉన్నది ఉన్నట్టు ఉంటే అవతలి వకీలు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మొత్తం అడిగితేనే సగమైనా వస్తుందని బేరం లెక్కన పెంచి రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పని లేదంటున్న మనిషి మీద ‘నెలకు లక్ష సంపాదిస్తున్నాడు’ అని రాయించిన పిటిషన్లు నేనే టైపు చేశాను. అవతలి వకీలు ప్రశ్నలు అడిగే క్రాస్‌లో ‘లక్షకు రుజువు ఏది?’ అన్న ఒక్క ప్రశ్నకు ఆ తల్లులు నీళ్లు నమిలారని తర్వాత వాళ్లే వచ్చి చెప్పి బాధపడ్డారు.

ప్రతి ఖర్చుకు రసీదు ఉండదు, ఫరవాలేదు. ఫీజు రసీదులు, డాక్టర్ చీటీలు, కిరాయి కట్టిన ఫోన్‌పే వివరాలు పెట్టుకోండి. పాప బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఉంటే మంచిది. పెళ్లి ఫొటో లేదా శుభలేఖ, ఆధార్, విడాకులు అయి ఉంటే డిక్రీ సర్టిఫైడ్ కాపీ. అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీసి, అసలువి ఎవరికీ ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి.

అతను ఎలా బతుకుతున్నాడో చూపించడం

ఉద్యోగం చేసేవాడైతే జీతం స్లిప్పు ఉంటుంది. ఖాళీగా ఉన్నానంటున్నవాడి విషయంలో అలాంటి ఒకే ఒక్క కాగితం దొరకదు. చిన్నచిన్నవి కూర్చుకోవాలి. మూడు విషయాలు చూపించగలిగితే చాలు: ఒంట్లో బాగానే ఉన్నాడు, ఒక పని వచ్చు, ఎక్కడో ఒక చోట నుంచి డబ్బు వస్తోంది.

మన దగ్గర ఊళ్లల్లో జీతం లేకపోయినా చేతికి డబ్బు వచ్చే దారులు మీకు తెలియనివి కావు. వరి కోతలప్పుడు మిషన్ తోలడం, ట్రాక్టర్ కిరాయిలు, పత్తి, మిర్చి సీజన్లో ఏనుమాముల మార్కెట్లో పని, కాజీపేట స్టేషన్ దగ్గర ఆటో, భూపాలపల్లిలో కాంట్రాక్టు పని, కరీంనగర్ గ్రానైట్ క్వారీలు. అతని పేరు మీద భూమి ఉంటే పట్టా వివరాలు ప్రభుత్వ భూ రికార్డుల భూభారతి పోర్టల్లో చూడవచ్చు. భూమి ఉంటే రైతు భరోసా కూడా అతని ఖాతాలో పడుతుంది. 2025 జనవరిలో మొదలైనప్పుడు ఎకరానికి ఏడాదికి 12,000 అని ప్రకటించారు. కౌలుకు ఇస్తే కౌలు డబ్బు వేరు. బండి అతని పేరున ఉంటే దాని ఆర్సీ వివరాలు, కిస్తీలు కడుతుంటే ఆ సంగతి. భూమి తండ్రి పేరు మీద ఉంటే అది అతని ఆస్తి కాదు, అలా రాయించకండి. ఆ ఇంటి పరిస్థితి ఏమిటో చెప్పడానికి మాత్రం ఆ వివరం పనికొస్తుంది.

మా పాప నాన్న జిన్నింగ్ పని పోయాక మిషన్ తోలుతున్నాడని నాకు మా ఆడబిడ్డ ద్వారానే తెలిసింది. ఆమెకు పాప అంటే ప్రాణం. కోర్టుకు వచ్చి చెప్పు అని నేను అడగలేదు, అన్నకు ఎదురుగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అతనే తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటో ఒకటి ఉంది, కోత మిషన్ సీటు మీద కూర్చుని, మెడలో తువ్వాలు. నా ఫోన్లో కనిపించిన స్టేటస్‌ను తేదీ, సమయం పడేలా స్క్రీన్‌షాట్ తీశాను. ఇలాంటివి కోర్టులో పెట్టేటప్పుడు ఏ ఫోన్లో నుంచి ఎలా ప్రింటు తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి. పాత ఎవిడెన్స్ చట్టంలో అది 65బి, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. అతని ఫోన్ తెరవడం, అతని బ్యాంకు ఓటీపీలు సంపాదించడం లాంటివి చేయకండి. అవసరమూ లేదు.

ఎందుకంటే 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు రజనేష్ వర్సెస్ నేహా కేసులో ఒక పద్ధతి పెట్టింది. మెయింటెనెన్స్ అడిగే ప్రతి కేసులో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపూర్వకంగా అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. అవతలి మనిషి ఆదాయం గురించి మీకు తెలిసింది రాయడానికి కూడా అందులో చోటు ఉంది. అబద్ధం రాస్తే కోర్టు చర్య తీసుకోవచ్చు. ఇవ్వకుండా కావాలని సాగదీస్తే అతని వాదననే కొట్టేయవచ్చు. అతను ఈ అఫిడవిట్ వేయకుండా వాయిదాలు అడుగుతుంటే ‘అఫిడవిట్ వేయించండి సార్’ అని మీ వకీలును ప్రతి వాయిదాకు అడగండి. మా కేసులో అది ఐదు నెలలు నానింది. చివరికి వేసిన దాంట్లో ఆదాయం దగ్గర ‘నిల్’ అని ఉంది. దాంతో జత చేసిన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాత్రం ఏప్రిల్, మే, నవంబర్, డిసెంబర్ నెలల్లో ఒకే మనిషి నుంచి ఏడెనిమిది సార్లు డబ్బు పడింది. కోతల నెలలు అవి. స్టేట్‌మెంట్ వస్తే ఊరికే ఫైల్లో పెట్టేయకండి. స్కేలు పెట్టి ఒక్కో లైను చదవండి. వకీలుకు ముప్పై కేసులు ఉంటాయి, మీకు ఒకటే.

క్రాస్ రోజు

ఆ రోజు నాకు బాగా గుర్తు. నాకు న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన వకీలు మేడం గొంతు పెంచలేదు.

‘బండి ఉందా మీకు?’

‘ఉంది.’

‘పెట్రోల్ ఎవరు పోయిస్తారు?’

‘మా తమ్ముడు.’

‘ఫోన్ రీచార్జ్?’

‘తమ్ముడే.’

‘తమ్ముడు ఏం చేస్తాడు?’

‘చదువుకుంటుండు.’

జడ్జి గారు తలెత్తి చూశారు. మేడం ఫొటో చూపించారు. ‘ఈ మిషన్ మీద ఉన్నది ఎవరు?’

కాసేపు మాట్లాడలేదు. ‘నేనే. ఒక్కరోజు తోలిన, అంతే.’

‘ఆ ఒక్క రోజుకు ఎంత ఇచ్చారు?’

‘వెయ్యి.’

అంతే అడిగి ఆమె కూర్చున్నారు. అతనికి మిషన్ తోలడం వచ్చు, తోలితే రోజుకు వెయ్యి వస్తుంది అని అతని నోటితోనే వచ్చింది. పని దొరకట్లేదా, దొరికినా చేయట్లేదా అన్నది ఆ తర్వాత పెద్ద ప్రశ్న కాలేదు.

మిమ్మల్నీ క్రాస్ చేస్తారు. మీ సంపాదన ఎంత, పుట్టింటివాళ్లు ఏమిస్తారు, ఎందుకు విడిపోయారు అని అడుగుతారు. అడిగిన దానికే జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. కోపం తెప్పించే ప్రశ్న వస్తే ఒక్క క్షణం ఆగండి. పిల్లల ఖర్చు కేసులో తప్పెవరిది అన్న గొడవ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

మధ్యంతర భరణం

పిటిషన్‌తో పాటే తీర్పు వచ్చేదాకా నెలనెలా డబ్బు ఇప్పించే మధ్యంతర భరణం పిటిషన్ కూడా వేయించండి. చాలామంది దీన్ని వదిలేసి తీర్పు కోసం రెండు మూడేళ్లు ఉత్త చేతులతో ఎదురుచూస్తారు. అతనికి నోటీసు అందిన నాటి నుంచి వీలైనంత వరకు 60 రోజుల్లో దీన్ని తేల్చాలని చట్టంలోనే ఉంది. మా దాంట్లో ఎక్కువే పట్టింది. 2022 సెప్టెంబర్‌లో పిటిషన్ వేస్తే 2023 మార్చిలో నెలకు 3,000 మధ్యంతరం వచ్చింది.

నోటీసు అందడమే అసలు ఆలస్యం. ఇంటికి తాళం ఉంది, ఊళ్లో లేడు అని తిరిగి వచ్చేస్తుంది. అతని ఇంటి అడ్రస్ ఒక్కటే ఇవ్వకుండా, అక్క ఇల్లు, పని చేసే చోటు, ఫోన్ నంబరు, తెలిసినవన్నీ మొదటే ఇవ్వండి. కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టుకు నమ్మకం కుదిరితే అతను లేకుండానే విచారించి ఏకపక్షంగా ఆర్డరు ఇవ్వవచ్చు. ఆ ఆర్డరును రద్దు చేయమని అతను మూడు నెలల్లో అడగవచ్చు, అది గుర్తుంచుకోండి.

2024 ఆగస్టులో తుది ఆర్డరు వచ్చింది. నెలకు 4,500, పిటిషన్ వేసిన రోజు నుంచి. ఈ ‘వేసిన రోజు నుంచి’ అన్నది కూడా రజనేష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందే. ఒక్కోసారి వకీళ్లు పిటిషన్లో ఆ మాట అడగడం మరిచిపోతారు. టైపు అయ్యాక సంతకం పెట్టే ముందు చివరి పేజీలో, కోర్టును ఏం కోరుతున్నారో రాసే ప్రార్థన పేరా చదివి, ఆ మాట ఉందో లేదో చూడండి. ఇరవై నాలుగు నెలలకు 1,08,000 అయింది. అప్పటిదాకా అతను కట్టింది 15,000. మిగిలిన 93,000 నాకు రావాల్సిన లెక్కలోకి వచ్చింది.

ఆర్డరు వచ్చాక

ఆర్డరు రాగానే డబ్బు రాదు. నెల తప్పితే మళ్లీ అదే కోర్టులో అమలు పిటిషన్ వేయాలి. దీనికి గడువు ఉంది: డబ్బు బాకీ పడ్డ రోజు నుంచి ఏడాదిలోపు వేయాలి. ‘ఇస్తాడులే, పండగకు ఇస్తానన్నాడు’ అని ఆగి ఆ ఏడాది దాటించుకున్నవాళ్లను చూశాను. నాలుగైదు నెలలు పోగవ్వగానే వేసేయండి, మళ్లీ పోగైతే మళ్లీ వేయండి.

కోర్టు జరిమానా వసూలు చేసినట్టు వారంటుతో వసూలు చేయిస్తుంది, ఆస్తి ఉంటే జప్తు వస్తుంది. అప్పటికీ కట్టకపోతే కట్టని ఒక్కో నెలకు ఒక నెల దాకా జైలు. జైలుకు వెళ్లొస్తే బాకీ తీరిపోయిందని ఊళ్లో చెప్పుకుంటారు, అతను కూడా మా పెద్దమనుషులతో అదే అన్నాడు. అది తప్పు. జైలు వసూలుకు ఒక మార్గమే గాని, బాకీని చెరిపేయదని సుప్రీంకోర్టు 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో చెప్పింది. నిజం చెప్పాలంటే అతను జైలుకు పోవాలని నేను ఏనాడూ కోరుకోలేదు. పాప ఆ మాట ఏ పక్కింటి పిల్ల నోటనో వింటుంది. 2024 అక్టోబర్‌లో అమలు పిటిషన్ వేశాను. వానాకాలం కోతలు అయిపోయాక డిసెంబర్‌లో 40,000 కట్టాడు. మిగతాది నెలకు 2,000 చొప్పున కిస్తీలు పెట్టమని అతని వకీలు అడిగితే ఒప్పుకున్నాను, కానీ కోర్టులో రాయించి ఒప్పుకున్నాను. సీజన్ మీద బతికేవాడికి సీజన్లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ కట్టేలా రాసుకోవడం తప్పేమీ కాదు. లోక్ అదాలత్‌లో రాజీ అయినా సరే, నోటి మాట మీద కేసు వాపస్ తీసుకోకండి.

నిజంగానే పని చేయలేనివాళ్లు ఉంటారు. యాక్సిడెంట్ అయి మంచం పట్టినవాడు, కిడ్నీలు పోయి డయాలసిస్‌కు తిరిగేవాడు. అలాంటి చోట కోర్టు తక్కువ మొత్తమే వేస్తుంది, అది న్యాయమే. అతను కోలుకుంటే కొత్త సంహితలోని 146వ సెక్షన్ కింద పెంచమని అడగవచ్చు. అదే సెక్షన్ కింద అతను తగ్గించమనీ అడగవచ్చు. తగ్గిస్తూ ఆర్డరు వచ్చేదాకా పాత మొత్తమే కట్టాలి, తన ఇష్టానికి తగ్గించుకోవడానికి లేదు.

డబ్బు ఇవ్వట్లేదని పాపను చూపించకపోవడం మాత్రం చేయకండి. ఇది నేను చాలా బాధతో రాస్తున్నాను, ఎందుకంటే మొదటి ఏడాది నేనూ అదే ఆలోచించాను. చూపించడం వేరు, ఖర్చు ఇవ్వడం వేరు, చట్టంలో కూడా వేరువేరు. ‘పైసలిస్తేనే పంపుతా’ అని మీరు పంపిన మెసేజ్ రేపు అతని వకీలు చేతిలో కాగితం అవుతుంది. అంతకన్నా ముఖ్యం, పాపకు తన నాన్న కావాలి. మా పాప నెలకు రెండు ఆదివారాలు వాళ్ల నానమ్మ దగ్గరికి వెళ్తుంది. అతను కట్టిన నెలా వెళ్లింది, కట్టని నెలా వెళ్లింది.

డబ్బు చేతికి తీసుకోకండి. మీ బ్యాంకు ఖాతాలోకే వేయమనండి. చేతికి ఇస్తే ఎంత ఇచ్చాడో తర్వాత ఇద్దరూ రెండు లెక్కలు చెబుతారు. నేను ఆ పాత లెక్కల నోట్‌బుక్కులోనే వెనక పేజీ నుంచి తేదీ, మొత్తం, బాకీ అని మూడు గీతలు గీసి రాస్తున్నాను. పాస్‌బుక్కు మూడు నెలలకోసారి ప్రింటు వేయిస్తాను.

వచ్చే జూన్‌లో పాప ఆరో తరగతికి వెళ్తుంది. కొత్త స్కూల్లో ఫీజు ఎంతో అడిగి, వాళ్లిచ్చిన కాగితం ఫైల్లో పెట్టాను. అడ్మిషన్ రసీదు రాగానే పెంపు పిటిషన్ వేయాలి.